పక్కింట్లోకి పోయిన పొగ

ఇద్వల్ ప్రొథెరో మా వీధి ఎక్కుతూ దారిలో రెండుమూడుచోట్ల ఆగేవాడు. పనిసంచి కింద పెట్టి, బూటుతాడు సరిచేసుకుంటున్నట్టు వంగి కాసేపు అలాగే ఉండిపోయేవాడు. మోకాళ్ళు పీకుతున్నాయని ఏనాడూ నోటితో అనలేదు. ఆ తాడు ఊడలేదని మాకు కిటికీల్లోంచి కనిపిస్తూనే ఉండేది. ఎవరమూ అడిగేవాళ్ళం కాదు. అతను గట్టు మీదికి చేరేసరికి ఎవరో ఒకరి తలుపు తెరుచుకునేది. టీ కాగుతోంది, ఓ గుక్క తాగి పొమ్మనేవాళ్ళు.

మా కుమ్‌హెస్గ్ లోయలో ఇంటిపేర్లు నాలుగో ఐదో, మనుషులు వందలు. అందుకని మేం మనిషిని పనితో కలిపి పిలుచుకుంటాం. పాల హేడన్, పైకప్పుల గ్లిన్, అలాగే గ్యాస్ ఇద్వల్. అతని తండ్రి గనిలో పైరాయి కూలి పోయాడు. తల్లి కొడుకును గనిలోకి దిగనివ్వనని పట్టుబట్టి లోయ అడుగునున్న గ్యాస్ కార్ఖానాలో చేర్చింది. తరువాత సముద్రం కిందనుంచి కొత్త గ్యాస్ వచ్చినప్పుడు ఇంటింటికీ తిరిగి పొయ్యిలన్నీ మార్చింది ఇద్వలే. మా అందరి వంటిళ్ళూ అతనికి తెలుసు. ఎవరింట్లో రొట్టె మాడుతుందో, ఎవరింట్లో పిల్లలకు బూట్లు లేవో కూడా తెలుసు. ఆ సంగతులు మాత్రం గడప దాటించేవాడు కాదు.

భార్య టెగ్వెన్ పోయాక ఒంటరివాడయ్యాడు. మేం అతని గుమ్మం దగ్గర పళ్ళెంలో ఏదో ఒకటి పెట్టి మూతవేసి వచ్చేవాళ్ళం. ఆ పళ్ళెం కడిగి తిరిగి వచ్చేది, అందులో పెరటి ఉల్లిపాయో, కోడిగుడ్డో ఉండేది. ఖాళీ పళ్ళెం ఎన్నడూ పంపలేదు.

కానీ గ్యాస్ పని చేసేవాడికి మంచి పేరు నిలవడం కష్టం. చలి మొదలవగానే అందరికీ వెచ్చదనం కావాలి, అతనేమో పొగగొట్టం శుభ్రం చేయించారా, గాలి వచ్చే దారి ఉందా అని అడుగుతాడు. గాలి కోసం గోడకు పెట్టిన రంధ్రంలో మా ఆడవాళ్ళం చలిగాలి రాకుండా పాత మేజోళ్ళు కుక్కేస్తాం. అతను వాటిని బయటికి లాగి, కోప్పడకుండా మడతపెట్టి బల్ల మీద ఉంచి, "ఈ సంగతి తేలేదాకా వెలిగించొద్దు" అనేవాడు. అలా అనీ అనీ కుర్రాళ్ళ నోట 'వద్దు ఇద్వల్' అయ్యాడు. ఆ పేరు అతని చెవినా పడింది.

గని మూసేసిన తరువాతి శీతాకాలంలో గోమర్ ట్రెహార్న్ ఆసుపత్రిలో ఉన్నాడు. అతనికి దుమ్ము. మా లోయలో అంత అంటే చాలు, బొగ్గుదుమ్ము ఊపిరితిత్తుల నిండా పేరుకుపోయిందని ఎవరికైనా తెలుస్తుంది. ఇక చేయడానికేమీ లేదని డాక్టర్లు చెప్పేశారు. ఇంటికి పంపుతాం, అయితే ఆయన మెట్లెక్కలేడు, కింద మధ్యగదిలో మంచం వేయాలి, ఆ గదిలో బొగ్గుమంట పనికిరాదు, గది మాత్రం వెచ్చగా ఉండాలి అన్నారు. ఆ రాతిగోడల గదికి కరెంటు హీటరు చాలదు. శుక్రవారంలోగా గది సిద్ధం కాకపోతే సముద్రం ఒడ్డున ఉన్న రోగుల నిలయానికి పంపుతామన్నారు. అక్కడికి వెళ్ళినవాళ్ళెవరూ లోయకు తిరిగి రాలేదు. గోమర్ భార్య మోర్విద్ ఆ నిలయం పేరే ఎత్తనిచ్చేది కాదు. సొంత గుమ్మంలోంచే నిన్ను సాగనంపుతానని ఆమె గోమర్‌కు మాట ఇచ్చింది.

అందుకని గోడలోని నిప్పుగూటి ముందు గ్యాస్ కుంపటి పెట్టించాలనుకుంది. ఇద్వల్ మంగళవారం పొద్దున్నే వచ్చాడు. కుర్చీలమీదా బల్లమీదా దుప్పట్లు కప్పడానికి నేను సాయం వెళ్ళాను. అతను పాత బొగ్గుజల్లెడ ఊడదీశాడు. పొగగొట్టంలోకి కుంచె తోసి తోసి మసినంతా రాల్చాడు. మసితోపాటు కాకులు పేర్చిన పుల్లలు బుట్టెడు రాలాయి. చేతి అద్దం గూట్లో పెట్టి, టార్చి వేసి పైకి చూశాడు. గొట్టం చల్లగా ఉంటే పొగను లాగదని కాసేపు మంటచూపి వేడిచేశాడు.

ఆ తరువాత పొగబిళ్ళ వెలిగించాడు. అది చేతిలో ఇమిడేంత బిళ్ళ, ముట్టిస్తే తెల్లటి పొగ దట్టంగా వస్తుంది. దాన్ని గూట్లో పెట్టి, ముందువైపు పలకతో మూసి, పొగంతా కప్పు మీది గొట్టంలోంచి వస్తోందా లేదా అని వీధిలో నిలబడి చూస్తారు. దారిలో ఎక్కడ చిల్లు ఉన్నా అక్కణ్ణించి కారుతుంది. ఆ గోడ మోర్విద్‌కూ పక్కింటి కైన్వెన్ ప్యూకూ ఉమ్మడి. అందుకని ఇద్వల్ ముందే కైన్వెన్ ఇంటికి వెళ్ళి, గదులన్నీ చూసి, ఏ కాస్త పొగ వచ్చినా, వాసన తగిలినా చెప్పమని వచ్చాడు.

కప్పు మీద పొగ వచ్చింది. వానలో తడుస్తూ ఇద్వల్ చాలాసేపు తలెత్తి దానివంకే చూశాడు. కింద అంత దట్టంగా ఉన్న పొగ పైన పలచగా ఉందేమిటని తనలో తనే గొణుక్కున్నాడు. కైన్వెన్ గుమ్మంలోకి వచ్చింది.

"ఏమైనా కనిపించిందా?" అని అడిగాడు.

"ఏమీ లేదు నాయనా. మా ఇల్లు మందిరంలా ఉంది" అంది కైన్వెన్.

ఇద్వల్ తల ఊపి లోపలికి వచ్చాడు. గూటికి అమర్చే మూతరేకు గోడకు ఆనించి, కొలతలు చూడడం మొదలుపెట్టాడు. మోర్విద్ ముఖం ఆ రోజు మొదటిసారి తేటపడింది. ఆమె మేడమీదికి వెళ్ళి గోమర్ తలగడ తెచ్చి, మంచం లేని చోట కుర్చీలో పెట్టి చూసుకుంది.

అంతలో కైన్వెన్ అందరికీ టీ తెచ్చింది, ఎండుద్రాక్ష వేసి రేకు మీద కాల్చిన చిన్న రొట్టెలు తెచ్చింది. మా వైపు ఆడవాళ్ళు చేసేటట్టే మనవరాలు లౌరిని శాలువతో నడుముకు బిగించి చుట్టుకుని ఉంది. పిల్ల తల్లి ఫ్యాక్టరీ పనికి వెళ్తుంది, పగలంతా పిల్ల కైన్వెన్ దగ్గరే. ఇద్వల్ టీ అందుకోబోతూ ఆగాడు. పాపను చూస్తున్నట్టు ముఖం దగ్గరికి తెచ్చి, శాలువ అంచు కొంచెం ఎత్తాడు. మేమంతా ముద్దుచేస్తున్నాడనుకున్నాం. అతను శాలువ వాసన చూశాడు.

కప్పు బల్లమీద పెట్టేశాడు.

"కైన్వెన్, ఈ వానలో మీ మధ్యగది కిటికీ ఎందుకు తీసుంది?"

కైన్వెన్ పాపను ఇంకొంచెం దగ్గరికి పొదువుకుంది.

"కొంచెమే వచ్చింది ఇద్వల్. పళ్ళెంతో విసిరితే పోయింది."

"ఎక్కణ్ణించి వచ్చింది?"

"గూటి వెనకనుంచి." ఆమె గొంతు చిన్నదయింది. "చెప్తే నువ్వు వద్దంటావు. గోమర్ రాడు. ఈవిడ రోజూ గోడ అవతల ఏడుస్తుంటే వినేది నేను, నువ్వు కాదు."

ఇద్వల్ ఆమెను కోప్పడలేదు. టార్చి తీసుకుని ఆమె వెంట పక్కింటికి నడిచాడు. మేమూ వెళ్ళాం. కైన్వెన్ బొగ్గుమంట మానేసి చాలా కాలమైంది. ఆమె నిప్పుగూట్లో ఎండిన పూలకుండీ ఉంది, దాని పక్కనే పాప ఊయలతొట్టి. ఇద్వల్ కుండీ జరిపి, వెనకగోడ మీద వేలితో నొక్కాడు. ఒక ఇటుక కదిలే పన్నులా కదిలింది. దాని చుట్టూ ఉన్న గచ్చు పొడిపొడిగా రాలింది. టార్చి వేస్తే సందులోంచి మోర్విద్ గది వెలుతురు కనిపించింది.

చూడగానే మా ముగ్గురు ఆడవాళ్ళకూ సంగతి అర్థమైంది. మా వీధిలో పక్కింటివాళ్ళను పిలవాలంటే గుమ్మం దాకా వెళ్ళం. నిప్పు ఎగదోసే ఇనపకడ్డీతో గూటి వెనకగోడ మీద కొడతాం. ఒక దెబ్బ కొడితే టీ పెట్టానని, రెండు కొడితే ఒకసారి రమ్మని, ఆగకుండా కొడితే ఉన్నపళాన పరుగెత్తి రమ్మని. కైన్వెన్‌కు నొప్పులొచ్చినా, గోమర్ గనినుంచి రావడం ఆలస్యమైనా, కైన్వెన్ భర్త కుర్చీలో ఒరిగిపోయినా ఆ కడ్డీయే పలికింది. రెండు ఇళ్ళకూ మధ్య ఉన్నది ఒక్క ఇటుక మందం.

"మేం కొట్టికొట్టే ఇలా అయిందా?" అంది మోర్విద్.

"మీరూ, మీకు ముందు మీ అత్తగార్లూ."

"మా అత్త మరీ గట్టిగా కొట్టేది" అంది కైన్వెన్ నేల చూస్తూ.

"ఆవిడ ఏం కొట్టినా గట్టిగానే కొట్టేది" అంది మోర్విద్.

నవ్వు వచ్చింది కాని ఎవరమూ పూర్తిగా నవ్వలేదు. ఇద్వల్ గూటి అంచు పట్టుకుని మెల్లగా లేచి కుర్చీలో కూర్చున్నాడు. రెండువైపులా బొగ్గు మండినంతకాలం రెండు గొట్టాలూ పైకే లాగేవి, ఎప్పుడైనా పొగ కారినా దగ్గొచ్చి కిటికీ తీసేవాళ్ళు అని చెప్పాడు. ఇప్పుడు ఇటువైపు గూడు చల్లబడి ఉంది. అటునుంచి వచ్చేది ఇటు వస్తుంది. అంతవరకు మామూలుగా చెప్పి, కైన్వెన్ వైపు తిరిగాడు.

"పొగ కాబట్టి కిటికీ తీశావు. గ్యాస్ సరిగా కాలకపోతే వచ్చే గాలికి రంగు లేదు, వాసన లేదు. అది వచ్చిందని నీకు తెలీదు. పాప ఇంకా నిద్ర లేవలేదనుకుంటావు, అంతే."

గనివాళ్ళ ఇళ్ళల్లో ఆ మాట ఇంతకంటే విప్పి చెప్పక్కరలేదు. పేలుడు తరువాత గనిలో మిగిలే గాలి గురించి మాకందరికీ తెలుసు. ఒంటిమీద గీత కూడా లేకుండా, రొట్టెముక్క చేతిలో పట్టుకునే కూర్చుని పోయిన మనుషుల్ని మా పెద్దవాళ్ళు మోసుకొచ్చారు. కైన్వెన్ ఊయలతొట్టి వైపు చూసి, దాన్ని కాలితో గూటికి దూరంగా నెట్టి, అక్కడే నేలమీద కూలబడింది. ఆమె మంచి మనసుతోనే అబద్ధం చెప్పింది. అంత మంచిమనసు మా వీధంతటికీ ఉంది, ఆమె చోట నేనున్నా అదే చెప్పేదాన్నేమో.

ఆ ఒక్క ఇటుకా బిగిస్తే సరిపోదా అని మోర్విద్ అడిగింది. పైన ఇంకెన్ని వదులయ్యాయో చూడలేమని, గొట్టం పొడవునా లోపల మెలితిరిగే స్టీలు గొట్టం దింపితేనే నమ్మకమని ఇద్వల్ చెప్పాడు. అది కార్డిఫ్ పట్నంనుంచి రావాలి.

"శుక్రవారానికి కాదు మోర్విద్" అన్నాడు.

మోర్విద్ ఏడవలేదు. కుర్చీమీది దుప్పటి తీసి అంచులు కలిపి మడత పెట్టింది. ఆ మడత చూసుకుంటూనే అంది.

"మీ టెగ్వెన్ ఇంట్లోనే పోయింది కదూ."

"అవును" అన్నాడు ఇద్వల్. సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

బుధవారం ప్రార్థన కూటానికి ఈ సంగతి అతనికంటే ముందే చేరింది. ఇద్వల్ మా సంఘపెద్దల్లో ఒకడు. పాల హేడన్ కూడా పెద్దే. అంత పట్టింపు ఎందుకు, ఉన్న కొద్దిరోజులకు ఒక ఇటుక పెట్టి వెలిగిస్తే దేవుడేమంటాడు అని హేడన్ కోటు తగిలిస్తూ అందరికీ వినబడేలా అన్నాడు. మరొకరు, మనిషికి చట్టం ముఖ్యమా జాలి ముఖ్యమా అన్నారు. ఇద్వల్ కీర్తనల పుస్తకంలో పేజీ వెతుక్కుంటూ కూర్చున్నాడు. ఆ రోజు ప్రార్థన చేయవలసిన వంతు అతనిది. లేచి నిలబడి, "ప్రభూ, మాకు ఓపిక ఇవ్వు" అన్నాడు. ఇంకా ఏమైనా అంటాడని తలలు వంచుకుని ఎదురుచూశాం. కూర్చుండిపోయాడు.

గురువారం గోమర్‌కు ఉతికిన బట్టలు పట్టుకుని నేను ఆసుపత్రికి బయల్దేరితే బస్సులో ఇద్వల్ కనిపించాడు. ఈ మాట మోర్విద్ నోటితో చెప్పించడం న్యాయం కాదు, నేనే చెప్తాను అన్నాడు. గోమర్ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు మా మందిరంలో అతని గొంతు కింది స్వరంలో అందుకుంటే బల్లలు అదిరేవి. ఇప్పుడు ఒక్కో మాటకు ఒక్కో శ్వాస కూడబెట్టుకోవాలి. ఇద్వల్ చెప్పినదంతా విన్నాడు. గోడ, ఇటుక, పాప, గొట్టం, అన్నీ విన్నాడు.

"నాకు మిగిలిన గాలి ఎంతో ఈ నర్సులకు తెలుసు" అన్నాడు ఆగి ఆగి. "నువ్వింకా గొట్టాలు కొలుస్తున్నావు."

"కొలవాలి గోమర్."

"నీకేం తొందర. నీ రొమ్ము శుభ్రంగా ఉంది. మీ అమ్మ నిన్ను కిందికి దిగనివ్వలేదు."

అలా అని ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. నేను లేద్దామనుకున్నాను. ఇద్వల్ లేవలేదు. రోగుల్ని చూడనిచ్చే వేళ అయిపోయేదాకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. సంచిలోంచి నారింజ తీసి, తొక్క వలిచి, తొనల మీది తెల్లటి పీచు కూడా ఓపిగ్గా లాగి, గోమర్ చేతికందే చోట గిన్నెలో పెట్టాడు.

వెళ్తూ వార్డు పెద్ద నర్సుతో ఏదో మాట్లాడాడు. ఆవిడ కసురుకుంటూనే, శుక్రవారం అంబులెన్సు సోమవారానికి అడిగి చూస్తాను, ఆపైన మాత్రం నా చేతిలో లేదు, సోమవారం ఆ బండి మీ ఇంటికైనా వెళ్ళాలి, సముద్రపు ఒడ్డుకైనా వెళ్ళాలి అంది. బస్సులో ఆ సంగతి నాకు చెప్పాడు. గోమర్ ఆ నారింజ తినడు అన్నాను నేను.

"రాత్రికి తింటాడు" అన్నాడు. కిటికీ అద్దం మీద వాననీళ్ళు చూస్తూ చాలా దూరం వచ్చాక మళ్ళీ అన్నాడు. "అలిసిపోయాను మాగీ. పనికి కాదు. మోకాళ్ళకు కూడా కాదు. వద్దు అనడానికి అలిసిపోయాను."

మేం దిగే చోటు వచ్చినప్పుడు అతని సంచి నేనే అందుకున్నాను.

శనివారం పొద్దున పాల హేడన్ పాలు పంచడం అవగానే బండి తిప్పుకుని కార్డిఫ్ వెళ్ళాడు. ఇద్వల్‌తో ఒక్క మాటైనా చెప్పలేదు. మధ్యాహ్నానికి స్టీలు గొట్టం చుట్టను మోర్విద్ గుమ్మంలో దింపి, "అక్కడేదో పనుండి వెళ్ళాను, దారిలోదేగా" అన్నాడు. కార్డిఫ్‌లో హేడన్‌కు ఏ పనీ ఉండదని అందరికీ తెలుసు.

పైకప్పుల గ్లిన్ జారే పెంకుల మీద పాకి పైకి వెళ్ళాడు. తాడుకు బరువు కట్టి పొగగొట్టంలోకి వదిలాడు. తాడు కింద గూట్లోకి వచ్చాక ఇద్వల్ దాన్ని పట్టుకున్నాడు. తాడు పైకొసకు స్టీలు గొట్టం మూతి కట్టారు. గ్లిన్ పైనుంచి తోస్తుంటే ఇద్వల్ కిందినుంచి లాగాలి. ఒక వంపు దగ్గర అది ఇరుక్కుంది. ఇద్వల్ వెల్లకిలా పడుకుని, తల గూట్లో పెట్టి, మసి ముఖాన రాలుతుంటే లాగాడు. వదిలి, మెలిపెట్టి, మళ్ళీ లాగాడు. పైన గ్లిన్ తిట్లు లంకించుకుంటే మోర్విద్ పెరట్లోకి వెళ్ళి, ఇది దేవుణ్ణి నమ్మే ఇల్లని కేక వేసింది. అందుకు గ్లిన్, అయితే ఆయన్నే వచ్చి తొయ్యమను అన్నాడు. గొట్టం మూతి కిందికి దిగేసరికి చీకటి పడిపోయింది. ఇద్వల్ లేవడానికి ఇద్దరం చెరో చెయ్యి ఇవ్వాల్సి వచ్చింది.

కుంపటి బిగించడం ఇంకా మిగిలింది. మర్నాడు ఆదివారం, పని చేయకూడని ప్రభువు దినం. మా దగ్గర ఆదివారం బట్టలు కూడా ఆరేయం, సంఘపెద్ద ఇనుప పనిముట్టు పట్టడమన్నది ఎవరూ ఎరగరు. ఉదయం ఆరాధనకు ఇద్వల్ నల్లకోటుతో వచ్చి ఎప్పటి బల్లమీదే కూర్చున్నాడు. అయ్యాక ఇంటికి వెళ్ళి, పనిబట్టలు వేసుకుని, సంచి భుజాన వేసుకుని, దాచుకోకుండా వీధి మధ్యలో నడిచి వచ్చాడు. అతను ఒక్కొక్క ఇల్లూ దాటుతుంటే ఆ ఇంటి కిటికీ తెరలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. కొత్తవాళ్ళు చూస్తే వీధి అతన్ని వెలివేసిందనుకునేవాళ్ళు. మేం చూడలేదు కాబట్టి రేపు ఎవరైనా అడిగినా చెప్పవలసింది ఏమీ ఉండదు. అదీ మా తెరల అర్థం. మా పాస్టరుగారి తెర అందరికంటే ముందు మూసుకుంది.

ఆ రోజంతా అతను ఎలా పని చేశాడో నేను చూశాను. కైన్వెన్ వైపు ఇటుక తీసి, కొత్త గచ్చుతో బిగించాడు. గూట్లో ఊడ్చి, ఎప్పుడైనా పైనుంచి పెళ్ళలు రాలితే దారి మూసుకుపోకుండా కుంపటి వెనక చోటు వదిలాడు. మూతరేకును నాలుగు అంచులా వేడికి ఊడని పట్టీతో అంటించి, వేలితో రుద్దుతూ రెండుసార్లు తిరిగాడు. గ్యాస్ పైపు అతుకులకు సబ్బునీళ్ళు పూసి బుడగ వస్తుందేమోనని చూశాడు. గోడకు గాలి రంధ్రం తొలిచి, మోర్విద్ వైపు తిరిగి, "ఇందులో మేజోడు కనిపిస్తే నేను మళ్ళీ వస్తాను" అన్నాడు.

"నా మేజోళ్ళన్నీ కాళ్ళకే ఉన్నాయి" అంది మోర్విద్. వాళ్ళిద్దరి మధ్యా మంగళవారం తరువాత అదే మొదటి మాట.

సోమవారం పొద్దున అసలు పరీక్ష. కిటికీలూ తలుపులూ మూసి, కుంపటి నిండుగా వెలిగించి, గది వేడెక్కేదాకా ఆగారు. ఇద్వల్ పొగపుల్ల ముట్టించి కుంపటి పైఅంచు వెంట అటునుంచి ఇటు మెల్లగా జరిపాడు. పొగ గదిలోకి రాలేదు. దారం లాగినట్టు లోపలికి వెళ్ళిపోయింది. మోర్విద్ చేతులు జోడించింది. ఇద్వల్ మాత్రం పుల్ల ఆర్పి లేచాడు.

"కుంపటి మండనివ్వు. నేను పక్కింట్లో కూర్చుంటాను" అన్నాడు.

"నేను చూసి చెప్తానుగా" అంది కైన్వెన్, అలవాటుకొద్దీ. అంతలో తనే నాలిక కరుచుకుంది.

అతను కైన్వెన్ మధ్యగదిలో గూటికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పొగపుల్లతో గూటి సందులన్నీ చూసి, ఏ గాలీ రావడం లేదని తేలాకే పాపను ఆ గదిలో తొట్టిలో నిద్రపుచ్చనిచ్చాడు. కైన్వెన్ వంటింట్లోకి వెళ్ళింది. అంబులెన్సు రెండు గంటలకు వస్తుందని కబురొచ్చింది, మేమంతా మోర్విద్ ఇంట్లో పక్కబట్టలు వేస్తూ హడావుడిలో ఉన్నాం.

బండి మోర్విద్ గుమ్మం ముందు ఆగడం చూసి, ఇద్వల్‌ను పిలవడానికి కైన్వెన్ మధ్యగదిలోకి వెళ్ళింది. అతను కుర్చీలో ఒకవైపు ఒరిగి ఉన్నాడు. చేతులు ఒళ్ళో తెరుచుకుని ఉన్నాయి. ముఖం మసివల్ల ఇంకా నల్లగా, మిగతాచోట్ల పాలిపోయి ఉంది. తొట్టిలో పాప కూడా కదలకుండా పడుకుని ఉంది. ఆ క్షణం తన గుండె ఆగిపోయిందని కైన్వెన్ తరువాత ఎన్నోసార్లు చెప్పింది. పరుగున వెళ్ళి కిటికీ తోసి, పాపను తొట్టిలోంచి లాగి, బుగ్గ గట్టిగా గిల్లింది.

పాప అరిచిన అరుపు వీధి చివరిదాకా వినిపించింది. ఒకసారి కాదు, ఊపిరి బిగబట్టి మళ్ళీ మళ్ళీ అరిచింది. ఆ గోలలో ఇద్వల్ గురక పెట్టాడు. కైన్వెన్ పాపను గుండెలకు హత్తుకుని ఏడుస్తూ నవ్వుతూ గోడకు చేరగిలబడిపోయింది. అతను వారంనుంచి సరిగా నిద్రపోలేదు, అంతకుమించి ఏమీ లేదు.

సరిగ్గా అప్పుడే ఇద్దరు మనుషులు గోమర్‌ను కుర్చీలో మోసుకుని మోర్విద్ గుమ్మం ఎక్కిస్తున్నారు. ఆ అరుపు విని గోమర్ వాళ్ళను ఆగమన్నట్టు చెయ్యి ఎత్తాడు.

"ఎవరది?"

"కైన్వెన్ మనవరాలు" అన్నాను.

గోమర్ కాసేపు విన్నాడు. "ఎంత ఊపిరో" అన్నాడు. అసూయగా కాదు, మంచి పాట విన్నప్పుడు ఎలా అనేవాడో అలా అన్నాడు. ఆ తరువాత మధ్యగదిలోకి తీసుకెళ్ళారు. గది వెచ్చగా ఉంది. మోర్విద్ అతని కాళ్ళు ఎత్తి మంచం మీద సర్దింది. గోమర్ కుంపటి వైపు చూసి, ఇద్వల్ ఏడీ అని అడిగాడు. పక్కింట్లో నిద్రపోతున్నాడని చెప్పాం.

"లేపకండి" అన్నాడు.

ఎవరమూ లేపలేదు. కైన్వెన్ పాపను మా ఇంట్లో ఆడించింది. మోర్విద్ గొర్రెమాంసం చారు గిన్నె పొయ్యి పక్కన మూతపెట్టి ఉంచింది. పొద్దు గుంకుతుండగా ఇద్వల్ తలుపు తోసుకుని వచ్చాడు. జుట్టు ఒకవైపు అణిగిపోయి ఉంది, దొంగతనం చేసి దొరికినవాడిలా నిలబడ్డాడు. ఆ గదిలో ఏమీ రాలేదు, నేను పడుకున్నా నా ముక్కు మేలుకునే ఉంది అని ఏదో చెప్పబోయాడు. మోర్విద్ అతన్ని మాట పూర్తి చేయనివ్వకుండా చారు గిన్నె చేతిలో పెట్టింది.

గోమర్ మంచంమీద చొక్కా గుండీ ఒకటి విప్పుకున్నాడు. ఆసుపత్రిలో అన్నదాని గురించి ఏదైనా అంటాడేమోనని చూశాను. దాని ఊసే ఎత్తలేదు.

"కాస్త తగ్గించవయ్యా" అన్నాడు. "ఉడికిపోతున్నాను."

ఇద్వల్ గిన్నె పక్కన పెట్టి, మోకాలు వంచి నేలమీద ఒదిగి, కుంపటి మర కొంచెం తిప్పాడు. మంట సన్నగిల్లిన తరువాత కూడా అలవాటుగా చెయ్యి కుంపటి పైఅంచు దగ్గర పెట్టి గాలి ఎటు లాగుతోందో చూశాడు. ఇక లేవాలి. ఒక చెయ్యి నేలకు ఆనించి, లేవలేక ఆగాడు.

గోమర్ దుప్పటి కిందనుంచి చెయ్యి బయటికి తీసి అతనివైపు చాచాడు. ఆ చేతిలో చెంచా ఎత్తే బలం కూడా లేదు. ఇద్వల్ దాన్ని పట్టుకున్నాడు. బరువంతా రెండో చేత్తో కుర్చీమీదే మోపి, గోమర్ చేతి మీద రవ్వంతైనా పడనివ్వకుండా, పట్టు మాత్రం వదలకుండా, మెల్లగా లేచి నిలబడ్డాడు.